నాలుగు డబ్ల్యూలు

మదేరాలో ద్రాక్షతోటల కత్తిరింపు జనవరి ఆఖరుకి అయిపోతుంది. ఆ తరవాత, మిగిల్చిన కొమ్మల్ని ఇనుప తీగకి చుట్టి కట్టడమే పని. వంగక్కర్లేదు కనక ఆ పనికి ముసలివాళ్ళని కూడా పెట్టుకుంటారు. నేను అదే చేస్తున్నాను. ఫిబ్రవరిలో ఒక గురువారం మధ్యాహ్నం, వరుస చివర కూర్చుని నీళ్ళు తాగుతుంటే తొమాసా వచ్చింది. ఆమె పక్క తోటలో పనిచేస్తుంది. చేతి తొడుగులైనా తియ్యకుండా వచ్చి నిలబడింది.

తొమాసా మా ఊరి మనిషి. మా ఊరంటే సరిహద్దుకి అవతల, ఓహాకా కొండల్లో ఉన్న ఊరు. ఇక్కడికి వచ్చి ముప్పై ఏళ్ళు దాటినా మేము ఊరు అన్నామంటే అదే. ఆమె భర్త ఫిదెన్సియో పోయి తొమ్మిదేళ్ళయింది. శవాన్ని మా ఊరికి పంపించాం. వాళ్ళకి ఒక్కతే కూతురు, నెరెయిదా. జ్ఞానస్నానం నాడు ఆ పిల్లని చేతుల్లో పట్టుకున్నది నేను. అందుకే తొమాసా నన్ను కొంపాద్రె అంటుంది, పిల్ల తాతా అంటుంది. నా భార్య ఊళ్ళోనే పోయింది. పిల్లలు లేరు. ఒక ట్రైలర్ ఇంట్లో ఒక్కణ్ణే ఉంటాను. ఆదివారం పూట మాత్రం తొమాసా ఇంట్లో తింటాను. వారంలో నేను మనుషులతో మాట్లాడే మాటల్లో సగం అక్కడే అయిపోతాయి. ఆ సగం కూడా ఎక్కువేం కాదు.

ఆమె చెప్పిన సంగతి ఇది. నెరెయిదా ఇక్కడి చిన్న కాలేజీలో చదువుతోంది. అక్కడ రెండేళ్ళ చదువు పూర్తి చేసి, పెద్ద యూనివర్సిటీకి మారాలని నవంబర్లో దరఖాస్తు పెట్టింది. ఇప్పుడు యూనివర్సిటీ వాళ్ళు ఉత్తరం రాశారు. రెండేళ్ళ కిందట ఒక సెమిస్టర్లో నాలుగు క్లాసులూ మధ్యలో వదిలేశావు, ఎందుకో చెప్పు అని అడిగారు. మార్చి ఒకటో తారీఖులోగా చెప్పాలి. చెప్పకపోతే ఉన్న కాగితాలతోనే తేలుస్తారు. పిల్ల చెప్పనంటోంది.

"ఎందుకు చెప్పదు?" అన్నాను.

"మీకు తెలీదా కొంపాద్రె?" అంది. "ఊరి వంతు చేసి, నేను చేశానని చూపించి ఇంకోడి దగ్గర ఏదన్నా అడుక్కుంటే అది వంతు అవదట. బేరం అవుతుందట. మీరు నేర్పిన మాటే."

నేను నేర్పిన మాటే.

మా ఊళ్ళో ఇంటికొకరు, వరుస వచ్చినప్పుడు ఏడాది పాటు ఊరి పని చెయ్యాలి. ఒకరికి గంట కొట్టడం, ఒకరికి నీటి తొట్టి చూడడం, ఒకరికి ఆసుపత్రి ఊడ్చి మందులవాళ్ళు వచ్చినప్పుడు ఇల్లిల్లూ తిరిగి పిలుచుకురావడం. జీతం ఉండదు. ఎక్కడున్నా వచ్చి చెయ్యాలి. రాని ఇంటికి నీళ్ళు ఆపేస్తారు, శ్మశానంలో చోటు ఇవ్వరు. తొమాసాకి ఫిదెన్సియో పక్కన చోటు కావాలి. అంతకంటే ఆమె ఊరి నుంచి ఏమీ ఆశించదు.

కాలేజీలో పిల్లలకి సలహా చెప్పే ఒకావిడ ఉందట. ఊరివాళ్ళ తరఫున ఎవరైనా కాగితం రాసిస్తే పని అవుతుందని ఆవిడ చెప్పిందట. మదేరాలో ఉన్న మా ఊరివాళ్ళ సంఘానికి ఒక రబ్బరు ముద్ర ఉంది. అది నా దగ్గర ఉంటుంది.

"పిల్ల నన్ను అడగొద్దంది," అంది తొమాసా. "నేనే వచ్చాను. రేపు ఆ అమ్మ దగ్గరికి మీరు కూడా వెళ్ళండి."

సరే అన్నాను. ఆమె వెళ్ళిపోయింది. ఆ సాయంత్రం దాకా నేను కట్టిన కొమ్మల్లో చాలావాటిని మేస్త్రీ విప్పించి మళ్ళీ కట్టించాడు. ఇవాళ నీ చేతులెక్కడున్నాయి ముసలాయనా అన్నాడు.

*

జరిగింది చెప్పాలి.

రెండేళ్ళ కిందట, ఆసుపత్రి వంతులో ఉన్న మనిషి ఏడాది మధ్యలో ఒక బస్సు డ్రైవరుతో వెళ్ళిపోయింది. ఊరు రెండు వారాలు ఆ సంగతే మాట్లాడుకుంది. మూడో వారం, ఆ ఖాళీలో ఎవరిని పెట్టాలా అని ఆలోచించింది. పట్టీలో తరవాతి ఇల్లు ఫిదెన్సియోది. తొమాసాకి కాగితాలు లేవు, సరిహద్దు దాటితే తిరిగి రాలేదు. నెరెయిదా ఇక్కడ పుట్టింది కనక వెళ్ళి రాగలదు.

చదువుకునేవాళ్ళకి వంతు వాయిదా వేస్తారు. ఆ కట్టుబాటు ఊళ్ళో ఎప్పటినుంచో ఉంది. కాని దానంతటది జరగదు. సభలో ఆ ఇంటి తరఫున ఒకరు లేచి చెప్పాలి. ఇంట్లో మగదిక్కు లేకపోతే జ్ఞానతండ్రి చెప్పాలి. మదేరాలో ఉన్న ఇళ్ళ సంగతి వచ్చినప్పుడు సభవాళ్ళు నాకు ఫోన్ చేస్తారు. ఆ వారం తొమాసా నా దగ్గరికి వచ్చి, పిల్ల కాలేజీలో ఉంది, ఆ మాట చెప్పండి అంది. తల ఊపాను.

ఆదివారం పొద్దున ఫోన్ వచ్చింది. బల్ల మీద పెట్టుకుని విన్నాను. ఊరి పెద్ద పేర్లు చదివాడు. తరవాత, "ఫిదెన్సియో ఇంటి తరఫున ఎవరన్నా మాట్లాడతారా?" అన్నాడు.

మాట్లాడవలసింది నేను. మాట నోటిదాకా వచ్చింది కూడా. ఆ క్షణంలో నాకు నా సంగతి గుర్తొచ్చింది. మా నాన్న పోయినప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. మూడో తరగతి. ఆ ఏడే మా ఇంటికి వంతు వచ్చింది. పలక ఇంట్లో పెట్టి ఊరి పెద్దల కచేరీ ఊడవడానికి వెళ్ళాను. మళ్ళీ బడికి పోలేదు. నా తరఫున ఎవరూ నోరు తెరవలేదు. నేను దానికి ఎప్పుడూ ఏడవలేదు, గొప్పగానే చెప్పుకున్నాను. మరి ఈ పిల్ల మాత్రం ఎందుకు చెయ్యకూడదు అనిపించింది.

ఫోన్లో ఎవరో దగ్గారు. ఒక కోడి అరిచింది. పెద్ద చాలాసేపే ఆగాడు. "సరే, పిల్లని పదిహేను రోజుల్లో రమ్మనండి," అన్నాడు.

ఆ మధ్యాహ్నం తొమాసా ఇంటి గుమ్మంలో నిలబడి, "ఒప్పుకోలేదు," అన్నాను. ఆమె ఇంకేమీ అడగలేదు. నా మాట మీద ఎవరూ ఇంకేమీ అడగరు. తక్కువ మాట్లాడేవాడికి దొరికే మర్యాద అది.

నెరెయిదా కాలేజీకి వెళ్ళి నాలుగు క్లాసులూ వదిలేసి వచ్చింది. బస్సు ఎక్కించింది నేనే. డిసెంబర్ ఆఖరు దాకా ఊళ్ళో ఉంది. ఆసుపత్రి ఊడ్చింది, వాగులు దాటి చంటిబిడ్డల తల్లుల్ని పిలుచుకొచ్చింది. వచ్చాక ఒక్క ఫిర్యాదు లేదు. పిల్లంటే అదీ అని నేను అందరికీ చెప్పాను. ఆ తరవాత రెండేళ్ళు ప్రతి ఆదివారం ఆ ఇంట్లో తిన్నాను.

*

సలహా చెప్పే ఆవిడ పేరు బెదరోసియన్. అరవై దాటి ఉంటాయి. వాళ్ళ తాత ఈ చుట్టుపక్కలే ద్రాక్ష ఎండబెట్టేవాడట. నా చేతులు చూసి, "కొమ్మలు కట్టే పనా?" అంది. తలూపాను. ఆవిడ ఇంగ్లీషులో చెప్పినదాన్ని నెరెయిదా మా కొండ భాషలో చెప్పింది. అన్నీ చెప్పిందో, కొన్ని మింగిందో నాకు తెలియదు. పిల్ల మొహం ముడుచుకునే ఉంది.

ఆవిడ కంప్యూటర్ తెర నా వైపు తిప్పింది. పట్టిక. ఒక వరుసలో ఒకే అక్షరం నాలుగుసార్లు ఉంది. డబ్ల్యూ. మధ్యలో వదిలేసిన క్లాసుకి ఆ అక్షరం పడుతుంది.

మొదటి రెండు వారాల్లో వదిలేస్తే ఆ క్లాసు ఆనవాలు కూడా ఉండదట. ఆ తరవాత వదిలితే డబ్ల్యూ. ఇంకా ఆలస్యమైతే వదలడానికి వీల్లేదు, వచ్చిన మార్కు వస్తుంది. చెప్పకుండా మానేసి ఊరికి పోయి ఉంటే నాలుగూ తప్పినట్టే పడేవట, అప్పుడు తను కూడా ఏమీ చెయ్యలేకపోయేదట. పిల్ల బస్సు ఎక్కే ముందు ఆఫీసుకి వెళ్ళి సంతకాలు పెట్టి వదిలింది. అది చాలా మంచి పని చేసిందని ఆవిడ రెండుసార్లు అంది.

డబ్ల్యూ వల్ల మార్కుల సగటు తగ్గదట. ఒకటో రెండో ఉంటే ఎవరూ పట్టించుకోరు. ఉద్యోగం వేళలు మారుతాయి, జబ్బు చేస్తుంది, మాస్టారు నచ్చడు. కాని ఒకే సెమిస్టర్లో ఉన్నవన్నీ డబ్ల్యూలైతే, అందులో లెక్కల క్లాసు లాంటి తప్పనిసరిది కూడా ఉంటే, దరఖాస్తు చదివేవాడు అక్కడ ఆగుతాడు. ఈ పిల్లకి కష్టమైతే పారిపోతుందా, మా దగ్గరికి వచ్చాక కూడా ఇలాగే చేస్తుందా అని అనుకుంటాడు. వచ్చాక అవే నాలుగు క్లాసులు మళ్ళీ తీసుకుని బాగా పాసైంది, అది మేలు. కాని ఎందుకు వదిలిందో దరఖాస్తులో రాసుకోవడానికి ఒక చోటు ఇచ్చారు. నెరెయిదా దాన్ని ఖాళీగా వదిలేసింది.

"ఖాళీ వదిలితే దాన్ని వాళ్ళకి తోచినట్టు నింపుకుంటారు," అని ఆవిడ అన్నట్టు పిల్ల నాకు చెప్పింది. అది చెప్పేటప్పుడు నా వైపు చూడలేదు.

అప్పుడు బెదరోసియన్ గారు నన్నే చూస్తూ ఒకటి అడిగింది. నెరెయిదా నాకు చెప్పకుండా తనే జవాబు చెప్పేసింది. ఆ తరవాత నా వైపు తిరిగింది.

"మీ ఊళ్ళో చదువుకునేవాళ్ళని వదలరా అని అడుగుతోంది తాతా. వదుల్తారు, మా తాత సభలో అడిగాడు, వాళ్ళే ఒప్పుకోలేదు అని చెప్పాను."

ఆవిడ చేతులు రెండూ బల్ల మీద పెట్టి ఉత్సాహంగా మాట్లాడింది. ఆ ముక్కే రాయాలట. అడిగారు, కాదన్నారు, వెళ్ళక తప్పలేదు. ఇక ఆ పిల్ల పారిపోయిందని ఎవరూ అనలేరు. దాని మీద ముద్ర ఉంటే ఇంకేం కావాలి.

తలూపాను. నా తల ఎప్పుడూ నాకంటే ముందే ఊగుతుంది.

బయటికి వచ్చాక వరండాలో నెరెయిదా ఆగింది.

"నాకిది నచ్చలేదు తాతా," అంది. "ఆసుపత్రి ఊడ్చానని చెప్పుకుని సీటు అడగడమేంటి? నేను చీపురు పట్టింది వీళ్ళకోసమా?"

"నువ్వు అడగట్లేదు. నేను రాస్తున్నాను."

"అవును. మీరు రాస్తే ఊరు రాసినట్టు," అంది. మొహం కాస్త తేటపడింది. "అయితే సరే. ఆదివారం రండి, మీరు చెప్తుంటే నేను ఇంగ్లీషులో కొడతాను. స్పానిష్‌లో తప్పుల్లేకుండా రాయాలని తంటాలు పడకండి. సంఘం కాగితాల్లో మీ అక్షరాలు చూశాను, కోళ్ళు నడిచినట్టుంటాయి."

నవ్వింది. ఆ ఏడాది ఆమె నవ్వగా నేను చూసింది అదొక్కసారే.

*

శనివారం పనిలేదు. ట్రైలర్లో బల్ల దగ్గర కూర్చుని, ముందే రాసి పెట్టుకుందామని కాగితం తీశాను. పేరు రాశాను. వంతు మొదలైన తారీఖు, అయిపోయిన తారీఖు రాశాను. ఆ తరవాత రావాల్సిన వాక్యం దగ్గర ఆగాను.

ముద్ర నా చేతికి వచ్చి పదకొండేళ్ళయింది. పుట్టుకలకి, చావులకి, పెళ్ళిళ్ళకి వేశాను. ఒకసారి ఒకడు ఊళ్ళో పొలం గట్టు గురించి అబద్ధం రాయించుకొచ్చాడు. వెయ్యనన్నాను. వాడు దుకాణంలో కనబడితే ఇప్పటికీ పక్క వరుసలోకి తప్పుకుంటాడు. నోటితో అబద్ధం ఆడాను, నిజమే. కాగితం మీద మాత్రం ఎప్పుడూ లేదు.

ఆ ముక్క వదిలేసి, వంతు చేసిందని మాత్రం రాస్తే? అది కూడా ఖాళీయే. నెరెయిదా అడుగుతుంది, ఆ మాటేది తాతా అని. అబద్ధం రాసినా యూనివర్సిటీలో ఎవరూ మా కొండ ఎక్కి వచ్చి విచారించరు. పిల్లకి సీటు వస్తుంది, నాకు ఆదివారం అన్నం ఉంటుంది. ఎటు చూసినా అదే తేలిక దారి.

కాని నిజం రాస్తే ఆ కాగితాన్ని ఇంగ్లీషు చెయ్యాల్సింది నెరెయిదాయే. నాకు తెలిసి మా భాషా ఇంగ్లీషూ రెండూ వచ్చింది ఆమెకే.

ఆ రోజు వంట చేసుకోలేదు. కుళాయి దగ్గర గిన్నెలు కడిగినవే మళ్ళీ కడిగాను.

*

ఆదివారం నేను వెళ్ళేసరికి తొమాసా పొయ్యి దగ్గర మొక్కజొన్న రొట్టెలు కాలుస్తోంది. చిక్కుడు గింజలు ఉడుకుతున్నాయి. నెరెయిదా బల్ల మీద కంప్యూటర్ తెరిచి కూర్చుంది. ముద్ర, సిరా మెత్త సంచిలోంచి తీసి బల్ల మీద పెట్టాను.

"చెప్పండి తాతా."

చెప్పాను. నా పేరు. సంఘంలో నా పని. ఊరి కట్టుబాటు ఏమిటో. వంతు ఏ తారీఖు నుంచి ఏ తారీఖు దాకా చేసిందో. ఆమె వేళ్ళు నా మాట పూర్తి కాకముందే కొట్టేస్తున్నాయి.

"చదువుకునేవాళ్ళకి వంతు వాయిదా వేస్తారు. సభలో ఒకరు అడగాలి."

కొట్టింది.

"వాళ్ళమ్మ నన్ను అడగమంది."

కొట్టింది. "అడిగాను, ఒప్పుకోలేదు," అని తనే అంటూ కొట్టబోయింది.

"అలా కాదు," అన్నాను. "నేను అడగలేదు."

వేళ్ళు ఆగాయి. తల ఎత్తింది.

"పెద్ద అడిగాడు, ఈ ఇంటి తరఫున ఎవరన్నా మాట్లాడతారా అని. నేను మాట్లాడలేదు. అడిగి ఉంటే వదిలేసేవాళ్ళు. అలాగే రాయి."

రొట్టె మాడిన వాసన వచ్చింది. తొమాసా దాన్ని వేళ్ళతోనే తీసి పక్కన పడేసింది. పొయ్యి ఆర్పింది. అప్పుడు ఇటు తిరిగింది.

"ఒప్పుకోలేదని చెప్పారు," అంది. "ఆ గుమ్మంలోనే నిలబడి చెప్పారు."

"చెప్పాను."

"రెండేళ్ళు ఊరిని తిట్టుకున్నాను కొంపాద్రె. మా ఆయన పడుకున్న ఊరిని. రోజూ తిట్టుకున్నాను."

సిరా మెత్త మూత తీసి మళ్ళీ పెట్టాను.

నెరెయిదా కంప్యూటర్ కొంచెం వెనక్కి నెట్టింది. గొంతు పెంచలేదు. ఎందుకు అని మాత్రం అడిగింది.

"నా వంతు వచ్చినప్పుడు నాకు తొమ్మిదేళ్ళు," అన్నాను. "ఎవరూ మాట్లాడలేదు. నేను చేశాను. నువ్వూ చేస్తావనుకున్నాను."

"చేశాను కదా."

"చేశావు."

"బాగా చేశానని మీరే అందరికీ చెప్పారు. నేను లేనప్పుడు కూడా చెప్పారట, అమ్మ అంది." ఆగింది. "ఆసుపత్రి మెట్లు ఊడ్చేటప్పుడు ఒక్కోసారి విసుగొచ్చేది తాతా. అప్పుడు మిమ్మల్నే తలుచుకునేదాన్ని. తాత అంత అడిగినా వాళ్ళు వదల్లేదంటే నా అవసరం ఎంతుందో అనుకునేదాన్ని."

ఆ మాట వినడంకంటే ఆమె అరిచి ఉంటే బాగుండేది.

ఆమె కళ్ళు తుడుచుకోలేదు, తుడుచుకోవాల్సింది కూడా ఏమీ లేదు. తరవాత కంప్యూటర్ దగ్గరికి లాక్కుంది.

"ఈ ముక్క లేకపోయినా ఉత్తరం నిలబడుతుంది," అంది. "వంతు వచ్చింది, వెళ్ళింది, చేసింది అని చాలు. మీ సంగతి వాళ్ళకెందుకు? తీసెయ్యమంటారా?"

అడిగిన తీరులో కోపం లేదు. నా పరువు నాకే వదిలిపెడుతోంది.

"ఉంచు," అన్నాను. "చదువు చేతకాక వదిలావని అనుకోకూడదు. పారిపోయావనీ అనుకోకూడదు. నువ్వు ఉండగలిగేదానివి. పంపింది నేను. అది రాయి."

రాసింది. నా ఒక్కొక్క మాటకీ ఆమె ఎంతసేపు తీసుకుందో నేను చూస్తూ కూర్చున్నాను. అయ్యాక మొదట్నించీ మా భాషలో చదివి వినిపించింది. ఇంకొకరి గురించి చదివినట్టే చదివింది. ఆ మూల ఉన్న పాత ప్రింటర్ మూడుసార్లు గింజుకుని కాగితం ఇచ్చింది. సంతకం పెట్టాను. ముద్ర మెత్త మీద అద్ది కాగితం మీద నొక్కాను.

లేచేసరికి తొమాసా రొట్టెల్ని గుడ్డలో చుట్టి గుమ్మం దగ్గర నా చేతిలో పెట్టింది. ఇంకా గోరువెచ్చగా ఉన్నాయి. మాలో కూర్చోబెట్టి పెట్టే మనిషికి రొట్టెలు గుడ్డలో కట్టి ఇవ్వరు. ప్రయాణంలో ఉన్నవాళ్ళకి ఇస్తారు.

*

ఆ తరవాతి ఆదివారం వాళ్ళింటికి వెళ్ళలేదు. ఆ తరవాతా వెళ్ళలేదు. వాళ్ళూ పిలవలేదు. గుడ్డ ఉతికి, ఆరేసి, మడతపెట్టి, ఒకరోజు వాళ్ళు పనికి వెళ్ళిన వేళ తలుపు పిడికి తగిలించి వచ్చాను.

తొమాసా పక్క తోటలోనే పని చేస్తోంది. రెండు మూడు వరుసల అవతల ఆమె టోపీ కనిపించేది. నేను చూస్తున్నానని తెలిస్తే టోపీ కిందికి లాక్కునేది. మార్చిలో చిగుళ్ళు వచ్చాయి, కట్టే పని అయిపోయింది, మేస్త్రీ నన్ను ఇంటికి పంపించేశాడు. ఇక టోపీ కూడా కనిపించలేదు.

ఆదివారాలు పొడుగ్గా ఉండేవి. పొద్దున లేచి కాఫీ కాచుకునేవాణ్ణి. గింజలు ఉడకబెట్టుకుంటే ఒక్కడికి మూడు రోజులు వచ్చేవి. ఫోన్ బల్ల మీద ఉండేది. ఒక్కోసారి, మోగుతుందేమోనని కాదు, పని చేస్తోందో లేదోనని తీసి చెవి దగ్గర పెట్టుకునేవాణ్ణి. మూడు నాలుగు రోజులు మాట్లాడకపోతే గొంతు బొంగురుపోతుందని అప్పుడే తెలిసింది. దుకాణంలో ఉప్పు అడిగితే ఆ అమ్మాయి రెండుసార్లు ఏంటి ఏంటి అంది.

ఉత్తరం ఏమైందో తెలియదు. సీటు వచ్చిందో పోయిందో తెలియదు. ఎవరినైనా అడగొచ్చు. నేను రాసిన మాట వల్లే పోయిందని చెప్తే ఏం చెయ్యాలో తెలియక అడగలేదు. అబద్ధం రాసి ఉంటే ఈపాటికి వచ్చి ఉండేదేమో. ముద్రకి మచ్చ పడకూడదని పిల్ల సీటు పోగొట్టానేమో. ఏప్రిల్ అంతా అదే తిప్పి తిప్పి అనుకున్నాను.

ఏప్రిల్ ఆఖరు శనివారం పొద్దున బయట కారు ఆగింది. నెరెయిదా. మెట్ల కింద నిలబడింది. లోపలికి రా అన్నాను. వెళ్ళాలి తాతా అంది.

"తీసుకున్నారు," అంది. "ఉత్తరం వచ్చింది. ఆగస్టులో వెళ్తాను."

మెట్టు మీద కూర్చున్నాను.

"మీకు చెప్పాలని వచ్చాను," అంది. "మీరు రాసింది చదివారట. అది లేకపోతే కష్టమయ్యేదని బెదరోసియన్ గారంటుంది. నాకు తెలీదు. నా మార్కులు కూడా చూసి ఉంటారు కదా."

"చూసుంటారు."

"ఇంకా పూర్తిగా అయిపోలేదు. జూన్‌లోగా ఇప్పుడున్న క్లాసులన్నీ పూర్తి చెయ్యాలి. ఒక్కటి వదిలినా వాళ్ళకి చెప్పాలి, వాళ్ళు సీటు వెనక్కి తీసుకోవచ్చు." కొంచెం నవ్వబోయి మానేసింది. "ఈసారి ఊరు కాదు, దేవుడు ఫోన్ చేసినా కదలను."

"కదలకు," అన్నాను.

అమ్మ ఎలా ఉందని అడిగాను. బాగానే ఉంది, నడుం నొప్పి అంది. ఇంకేమన్నా అందా అన్నాను. అమ్మ సంగతి అమ్మదే తాతా, నేనేం చెప్పను అంది. సరే అన్నాను.

కారు తాళాలు చేతిలో తిప్పుతోంది. ఇక వెళ్ళిపోతుంది. నాకు ఇంకో మాట కావాలి.

"అక్కడ ఏం చదువుతావు?" అన్నాను.

నన్ను వింతగా చూసింది. "ఇన్నేళ్ళకి అడిగారు," అంది. ఎత్తిపొడుపే, కాని మెత్తగా అంది. "మట్టి. నేలల గురించి. పడమటి వైపు పొలాలున్నాయి చూశారా, నీళ్ళు పెట్టేకొద్దీ అడుగు నుంచి చవుడు పైకొస్తుంది. మొదట నీళ్ళు పెట్టిన మడి చావదు, దాని పక్కది చస్తుంది. ఎక్కడ తేలుతుందో ముందే కనిపెట్టడానికి లెక్కలున్నాయి. అందుకే ఆ లెక్కల క్లాసు అంత ముఖ్యం."

"పొద్దున్నే కనిపిస్తుంది," అన్నాను. "తెల్లగా, గట్టు వెంబడి. ఎండ ఎక్కితే కనపడదు."

తాళాలు తిప్పడం ఆపింది. "మీకెలా తెలుసు?"

"ఇరవై రెండేళ్ళు అక్కడ నీళ్ళు కట్టాను."

"మాకెప్పుడూ చెప్పలేదే."

జవాబు కోసం ఆమె ఆగలేదు. ఏ పొలాలు, ఎన్నో ఏడు నుంచి తేలింది అని రెండు ప్రశ్నలు గబగబా అడిగింది. చెప్పాను. ఫోన్లో రాసుకుంది. తరవాత టైము చూసుకుంది.

"ల్యాబు ఉంది తాతా. ఒక్కటి పోయినా తంటా."

"వెళ్ళు," అన్నాను.

కారు సందు మలుపు దాటేదాకా మెట్టు మీదే ఉన్నాను. ఆగస్టుకి ఇంకా నాలుగు నెలలుంది. ఈలోగా మళ్ళీ వస్తానని ఆమె అనలేదు. రమ్మని నేనూ అనలేదు.